రంగు దిగిన రాయి

పోయిన వారం సోలాపూర్ పక్కన కుంభారిలో మా తమ్ముడి కొత్తింటికి వెళ్తే, మరదలు వంటగట్టు మీద పరిచిన గ్రానైట్ పలక చూపించి, మేస్త్రీతో మాట్లాడి వాపస్ పంపించమంది. బూడిదరంగు రాయిలో తెల్లటి చారలు మడతలు పడుతూ పాకాయి. "రంగు దిగింది వదినా. రంగు దిగిన చద్దర్ పంపుతే షావుకారి వాపస్ కొట్టడా? ఇది గూడ గంతే" అంది. రాయిని కూడా మగ్గం మీద నేసిన చద్దర్ దుప్పటిలా చూసి తప్పు పట్టడం సోలాపూర్ వాళ్లకే చెల్లింది. ఏళ్లపాటు కాలేజీలో రాళ్ల పాఠాలు చెప్పి రిటైరైన నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ మాట నేనింతకు ముందే విన్నాను.

నలభై ఏళ్ల కింద సోలాపూర్‌లో కుమఠా నాకా దగ్గర మా ఇంటి వెనక నాన్న నూలుకు రంగులు వేసేవాడు. ఆయన మోచేతులు చూసి ఆ వారం మగ్గం మీదికి ఏ రంగు చద్దర్లు ఎక్కుతాయో చెప్పేదాన్ని. నాది జియాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడు. అందులో తప్పితే అమ్మ పక్కన బీడీలు చుట్టడమేనని ఇంట్లో ముందే తేల్చేశారు. తెలంగాణలో మా సొంతూరి గుట్ట నుంచి తెచ్చిన చారల రాయి మీద రిపోర్టు రాశాను. కరిగిన తెల్ల పదార్థం ఎక్కడి నుంచో వచ్చి రాయిలో దూరిందన్నాను. పడుగులోకి బయటి నుంచి పేక దూరడం చూస్తూ పెరిగినదాన్ని కదా, నాకు అలాగే తోచింది. అది వచ్చిన దారి చూపించమని మా గైడ్ సార్ రిపోర్టు తిప్పి పంపి, నెల గడువిచ్చారు. ఎంత వెతికినా దారి దొరకలేదు.

సెలవుల్లో ఆ రాయిని రంగు తొట్టి గట్టున పెట్టుకుని ఏడుపు మొహంతో కూర్చున్నాను. సంగతి విన్న నాన్న తడి చేతులతోనే దాన్ని ఎత్తి, వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"బయటికెల్లి రాలే బిడ్డా. దీన్లదే దిగింది. తెల్లగీత పక్కపొంటి జూడు, నల్లంచు ఉన్నది. దిగింది పోంగ మిగిలింది గది. పిండితె దిగిన రంగు మడతల్ల నిలుస్తది."

ఏడాదంతా తెల్లచారలు చూశాను తప్ప వాటి నల్లంచును పట్టించుకోలేదు. భూమి లోతుల్లో గ్రానైట్ వేడెక్కినా మొత్తం ఒకేసారి కరగదు. తెల్లగా ఉండే ఖనిజాలు ముందు కరుగుతాయి, నల్ల అభ్రకం లాంటివి అక్కడే మిగిలిపోతాయి. అదే సమయంలో రాయి నలుగుతూ సాగుతూ ఉంటుంది గనుక, కరిగింది ఒత్తిడి తక్కువున్న చోట్లకు, మడతల్లోకి చేరి గడ్డకడుతుంది. అలా పుట్టిన రాయిని మిగ్మటైట్ అంటారు. కాలేజీకి తిరిగి వెళ్లి పలుచగా కోయించి సూక్ష్మదర్శినిలో చూస్తే చార చారకూ నల్లంచు ఉంది. రిపోర్టు తిరగరాసి ఇస్తే సార్ సంతకం పెట్టారు.

రిపోర్టు మొదట్లో కృతజ్ఞతల పేజీలో సార్ ఉన్నారు, ల్యాబ్ అటెండర్ ఉన్నాడు, టైపిస్టు కూడా ఉన్నాడు. నాన్న లేడు. నల్లంచును నేనే కనిపెట్టినట్టు రాసుకున్నాను. ఇంగ్లీషు రాని నాన్న ఆ పుస్తకాన్ని తిరగేసి, కుట్టు గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఆ సిగ్గు మాత్రం పోలేదు.

ఇదంతా చెప్పాక మరదలు పలక మీద తెల్లచారల పక్కనే ఉన్న నల్లంచు వెంట వేలు పెట్టి చూసుకుంది. "మామ జెప్పిండా? ఐతే ఉండనీ" అంది.

తనలోంచి ఏం దిగిపోయిందో ఆ రాయి కోట్ల ఏళ్లుగా అంచు మీద రాసి పెట్టుకుంది. అది ఎవరు చూపించారో చెప్పడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.