జ్వరం లేకుండా తిన్న బ్రెడ్డు

ఈ రోజు పొద్దున ఫ్రెంచ్ టోస్ట్ చేశాను. పోయిన వారం అత్తమ్మ ఊళ్లో లేనప్పుడు తాజా బ్రెడ్డుతో చేస్తే, పాలల్లో ముంచగానే ముద్దయిపోయింది. అందుకే ఈసారి నిన్నటి బ్రెడ్డును కాస్త ఆరబెట్టి, గుడ్డూ పాలూ చక్కెరా కలిపిన దాంట్లో ముంచి, సన్నసెగ మీద నెయ్యి వేసి ఎర్రగా కాల్చాను.

వాసనకు అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది. బ్రెడ్డు ప్యాకెట్ చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"ఏందమ్మా, ఎవరికి జరమొచ్చింది?"

"ఎవరికీ రాలేదు అత్తమ్మా. టిఫిన్‌కే చేసిన."

మా సత్తుపల్లిలో బ్రెడ్డంటే జబ్బుపడ్డవాళ్ల తిండి. దవాఖానాకు చూడబోయేవాళ్లంతా అదే పట్టుకెళ్తారు. బొగ్గు గనిలో పనిచేసిన మామయ్య ఆఖరి నెలంతా దవాఖానాలోనే ఉన్నారు. ఆయన మంచం పక్కన ఎప్పుడూ నాలుగు ప్యాకెట్లుండేవి. ఆయన పోయాక అత్తమ్మ మళ్లీ బ్రెడ్డు ముట్టలేదు.

ఈ రోజు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది.

"మీ మామకు ఉత్త పాలల్ల ముంచి పెట్టిన. గిట్ల చేస్తరని నాకు తెల్వకపాయె."

ఇంకో ముక్క ఆమె ప్లేటులో వేశాను.

మీ ఇళ్లలోనూ బ్రెడ్డు తినాలంటే జ్వరం రావాల్సిందేనా? అయితే అది వచ్చేదాకా ఆగకండి.