చార్జరే ఖరాబైతే బాగుండనుకున్న చాచా

మొన్న పొద్దున మా కుట్టు దుకాణం తలుపు తీస్తుంటే చాచా కొడుకు వచ్చి, "అక్కా, అబ్బా పోయిండు" అన్నాడు. తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది. నల్లగొండలో మా పక్క దుకాణంలో ఇన్నేళ్లు బ్యాటరీలకు చార్జింగు పెట్టిన చాచా ఇక లేడు.

ఆయన అంగీలకు అతుకులేసింది నేనే. యాసిడ్ చింది ఏ అంగీ అయినా ఇట్టే జల్లెడయ్యేది. "నీకు గుడ్డ కాదు చాచా, రేకు కుట్టాలె" అని కసిరితే, "గాలాడుతది బిడ్డా, మంచిగుంటది" అని నవ్వేవాడు. కరెంటు పోతే తన సొంత బ్యాటరీకి బల్బు తగిలించుకునేవాడే కానీ గిరాకీలవాటిని ముట్టేవాడు కాదు. "గది వాళ్ల తిండి, నేనెట్ల తింట?" అనేవాడు. మహా మొండి మనిషి!

ఒక ఎండాకాలం చార్జింగు సరిగా ఎక్కడం మానేసింది. ఎవరి పెండ్లిలోనో మైకు సెట్టు మధ్యలోనే మూగబోయింది. మైకాయన వచ్చి, "నీ చార్జరు ఖరాబైంది చాచా! బాగుచెయ్యకుంటే అందరం బస్టాండు కాడి కొత్త దుకాణంల పెట్టుకుంటం" అని బజారంతా వినేలా అరిచాడు. జీపులవాళ్లూ వంతపాడారు. ఆ దుకాణం తప్ప చాచాకు వేరే ఆధారం లేదు.

చాచా చార్జరు విప్పాడు. క్లిప్పుల చిలుము గీకి, తినే సోడా నీళ్లతో కడిగాడు. ఫ్యూజు మార్చాడు. డయోడ్లు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బిగించి స్విచ్చి వేస్తే మీటరు ముల్లు కాస్త లేచి పడుకుంది. మళ్లీ విప్పాడు.

"కోడి ఈకలు పీకినట్టు ఎన్నిసార్లు పీకుతవ్ చాచా? వరసల ఉన్న బ్యాటరీలు చూడు జర" అన్నాను. ఆయన ఇంకోసారి డయోడ్లు తుడిచాడు.

బ్యాటరీలన్నిటినీ తీగలతో వరసగా కలిపి ఒకే చార్జరుకు తగిలించేవాడు. వాటిలో ఒకటి పాడైనా మిగతావాటికి కరెంటు సరిగా అందదు. పక్కన కూర్చుని కూర్చుని నాకే తెలిసిన సంగతి ఆయనకు తెలియదా! చివరికి ఒక్కో బ్యాటరీని తప్పించి, ముల్లు చూసి, మళ్లీ కలిపాడు. పానగల్ అవతలి నుంచి గంపలో మోసుకొచ్చే గొర్రెల అవ్వ బ్యాటరీని మాత్రం ఆఖరుకు ఉంచాడు. దాన్ని తప్పించగానే ముల్లు చటుక్కున లేచింది.

"నీకు ముందే ఎరుకనా చాచా?"

"ఎరుకే బిడ్డా. చార్జరే ఖరాబైతే బాగుండనుకున్న. దాన్నైతే బాగుచేస్త. అవ్వకేం చెప్పాలె? కొత్తది కొనే తాహత్తు లేదు. దొడ్ల బల్బు వెలగకుంటే గొర్లమీద తోడేలు పడ్తది."

సాయంత్రం అవ్వ వచ్చింది. చాచా తన సొంత బ్యాటరీని తుడిచి ఆమె గంపలో పెట్టాడు.

"గిది నాదేనా కొడుకా? గింత మెరుస్తాంది!"

"నీదే అవ్వా. జర కడిగిన."

నవ్వు ఆపుకోవడానికి దారం కొరుకుతూ తల వంచుకున్నాను. కళ్లు మాత్రం నిండిపోయాయి. నా తోడబుట్టినవాళ్ల మీద కూడా నాకంత ప్రేమ ఎన్నడూ కలగలేదు.

మైకాయనా, జీపులవాళ్లూ ఎక్కడికీ పోలేదు. ఆనాటి నుంచి మాత్రం కరెంటు పోతే చాచా నిండు బ్యాటరీల నడుమ చీకట్లో కూర్చునేవాడు. వాటి గ్యాసుకు అంటుకుంటుందని దీపం కూడా పెట్టేవాడు కాదు. మసక వెలుతురులో నేనింకా కుడుతుంటే గోడ అవతలి నుంచి గొంతు వినబడేది: "సూది ఆపు బిడ్డా, వేలికి గుచ్చుకుంటది."

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. ఒడిలో సగం అతుకు వేసిన ఆయన అంగీ ఉంది. ఎవరూ చెప్పకుండానే సూది ఆపి, కరెంటు వచ్చేదాకా గోడవైపు చూస్తూ కూర్చున్నాను.