పొద్దున ఒక గాలి, మధ్యాహ్నం ఒక గాలి

ఏడో తరగతిలో బడీ నేనూ రాజీపడి విడిపోయాం. అలాంటి నాతో గాలిలో పాదరసాన్ని కొలిచే యంత్రం మోయించింది కాలేజీ మేడం. దేవరకొండలో ఆమె నా ఆటో ఎక్కినప్పుడు మా బావ సంగతి నేనే చెప్పాను. నల్గొండలో బావ బంగారు నగలు చేసే అవుసుల దుకాణాలు ఊడ్చిన మట్టి కొంటాడు. అందులోని బంగారు రజనును పాదరసంతో పట్టి, ఆ ముద్దను కొలిమిలో కాలుస్తాడు. బంగారం మిగులుతుంది, పాదరసం విషపు ఆవిరై పైకి పోతుంది. పైన మా అక్క పడకగది. అక్కకు ఆరో నెల.

ఉదయం ఏడింటికి బస్సు. పెట్టె ఒళ్లో పెట్టుకుంటే పక్కసీటు అవ్వ ఊరుకోలేదు.

"అండ్ల ఏముంది బిడ్డా?"

"గాలిని జోకే మిషన్ అవ్వా."

"గాలి గూడ తక్కువ జోకుతున్నరా!"

తొమ్మిదింటికి మేడం, నేను బావ ఇల్లు చేరాం. ఇల్లు కడిగి ఉంది, పొయ్యి మీద కోడికూర. పైన అక్క మంచం పక్కన యంత్రం పెడితే అంకె వీధిలో ఉన్నంతే చూపింది.

"చూసినవా బామ్మర్దీ? నా ఇంట్ల గాలి గంగాజలం!" అన్నాడు బావ.

మేడం ముఖం చిన్నబోయింది. నేను కిందికి దిగి కొలిమి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"ఏంది బావా, కొలిమికి ఉపాసమా?"

"మీరొస్తరని రెండ్రోజుల సంది ముట్టియ్యలే. చుట్టాలకు పొగ బెడ్తరా ఎవరన్న?"

బావ మర్యాద మా కొలతను మింగేసింది! భోజనం కానిచ్చి అసలు మాట అన్నాను.

"నేను చుట్టాన్ని గాను. ముద్ద గాల్చు. లేకుంటే వారం ఈడనే ఉంట, దినాం కోడి గొయ్యాలె."

అక్కను పక్కింటికి పంపి బావ వెంటనే కొలిమి రాజేశాడు.

మూడింటికి పైగదిలో అంకె చెట్టెక్కింది. కొలిమి ఆర్పాక, నాలుగింటికి, కాస్త దిగింది. ఐదింటికి కిటికీలన్నీ తెరిచినా పొద్దటి అంకెకు రాలేదు. గోడలకూ పరుపుకూ పట్టింది ఒకట్రెండు రోజులు మెల్లగా లేస్తూనే ఉంటుందని మేడం చెప్పింది.

"రోజూ గింతనా?" అన్నాడు బావ.

"రోజూ ఎందుకుంటది బావా? మేం రాని రోజులల్లనే."

బావ పైకి వెళ్లి అక్క బట్టల సంచితో దిగాడు.

ఆరింటి బస్సులో అక్క కూడా మాతో ఎక్కింది. బావ కిటికీ పట్టుకున్నాడు.

"కొలిమికి ఊరవతల జాగ చూస్త. జర ఓపిక పట్టు."

"మిషన్ ఒప్పుకుంటెనే నేనొస్త," అంది అక్క.

బస్సు కదిలింది. ఎవరి ఇంటి గాలైనా కొలవబోతే నా మాట వినండి. చెప్పకుండా వెళ్లండి, సాయంత్రం దాకా ఉండండి. పెళ్లిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే.