ఆర్డెన్ నేలమాళిగలో ఆగని పెట్టె

ఆర్డెన్ క్వామ్ మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటాడు. అతని గురించి నాకు తెలియనిది తక్కువ. తెలియనిది ఏదైనా ఉంటే అడిగి తెలుసుకున్నాను. చాలా పొడుగు మనిషి. గుమ్మం ఎంత ఎత్తున్నా అలవాటు కొద్దీ తల వంచే లోపలికి వచ్చేవాడు. ఇరవయ్యో ఏట మా ట్వీటెన్ ఊరి టెలిఫోన్ సహకార సంఘంలో స్తంభాలెక్కే పనికి చేరాడు. మోకాలు చెడ్డాక ఆఫీసు కింద నేలమాళిగలో కూర్చోబెట్టారు. ఊరికి ఇంటర్నెట్ కూడా సంఘమే ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు సంఘం వెబ్‌సైటు అతనే తయారుచేశాడు. అది నడిచే కంప్యూటరు పెట్టె ఆ నేలమాళిగలోనే, ఫోన్ల బ్యాటరీల పక్కన ఉండేది.

రోజూ పొద్దున్న ఆరింటికి పేజీ రాసేవాడు. బడి ఉందా లేదా, చర్చిలో ఎవరి అంత్యక్రియల భోజనం, చెరువు మీద మంచు ట్రక్కును మోసేటంత గట్టిపడిందా, ఎవరి కుక్క తప్పిపోయింది, అన్నీ అందులో ఉండేవి. ఊళ్లో ఎవరు కంప్యూటరు తెరిచినా ముందు వచ్చేది అదే.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"నేనడిగినామె వద్దంది" అన్నాడు.

ఆమె ఎవరో కనుక్కోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆ తర్వాత పెద్ద ఊరి నుంచి షెల్బీ అనే అమ్మాయి సంఘానికి మేనేజరుగా వచ్చింది. వెబ్‌సైటును క్లౌడ్‌లో పెట్టాలని పట్టుబట్టింది. క్లౌడ్ అంటే మబ్బు కాదు. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంపెనీ కంప్యూటర్లలో చోటు అద్దెకు తీసుకోవడం. సంఘం మా అందరిదీ కాబట్టి విషయం మార్చిలో జరిగే సర్వసభ్య సమావేశానికి వచ్చింది. బడి హాల్లో ఎప్పటిలాగే పంది మాంసం, బంగాళాదుంపలు, చివర్న యాపిల్ పై అనే తీపి వంటకం. మా దగ్గర పై కోయడం మొదలుపెట్టాక ఎవరూ లేచి ప్రశ్నలు అడగరు. అది పద్ధతి.

షెల్బీ మాటల్లో తప్పేమీ లేదు. "వరదొచ్చిన ఏడాది నేలమాళిగలో నడుంలోతు నీళ్లు నిలిచాయట కదా. తొమ్మిది రోజులు సైటు లేదట. జనానికి చెప్పాల్సిన రోజునే మన నోరు పడిపోయింది. బయట పెడితే ఇక్కడ ఏం మునిగినా, ఏం కాలినా అది బతికే ఉంటుంది" అంది.

ఆర్డెన్ లేచాడు. అంత పొడుగు మనిషి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"వరదకైతే పెట్టెను మేడ మీదికి మోస్తాను. కానీ ఒక్కటి వినండి. ఊళ్లో తీగలన్నీ మన ఆఫీసుకే వస్తాయి. బయటికి పోయేది ఒక్కటే తీగ, అదీ నది వంతెన కింద నుంచి. అది తెగితే మనలో మనం మాట్లాడుకోగలం, ఊరు దాటలేం. సైటు బయట పెట్టారనుకోండి, తీగ తెగిందని రాసిన కాగితం తెగిన తీగకి అవతలుంటుంది. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లం మనం. మన బోర్డు తీసుకెళ్లి పరాయి గోడకి తగిలిస్తామా?"

"సెల్ ఫోన్లో చూసుకుంటార్లేవోయ్" అన్నాడు గేలెన్ ఊస్టాడ్. అతను సంఘం అధ్యక్షుడు, చక్కెర దుంపలు పండించే పెద్ద రైతు.

"సెల్ టవరు కూడా ఆ తీగ మీదే బతుకుతోంది, గేలెన్."

"నీ బతుకు ఆ పెట్టె మీద కదా, అది కూడా చెప్పు మరి!"

హాలంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "పెళ్లాం లేదు పాపం, దాన్నైనా ఉంచండ్రా!" అన్నారు. ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆర్డెన్ మెడ మీద ఎరుపు చెవుల దాకా పాకింది. ఇంకేదో చెప్పబోయాడు గాని ఈలోగా గేలెన్ భార్య యాపిల్ పై కోసేసింది.

చేతులెత్తమన్నారు. పక్కావిడ షెల్బీ వైపు ఎత్తింది. నేనూ ఎత్తాను. ఆర్డెన్ వైపు నాలుగు చేతులు లేచాయి, వాటిలో ఒకటి అతనిదే.

నెలలోగా సైటు బయటికి వెళ్లిపోయింది. పాత పెట్టె ఆపేయమని షెల్బీ చెప్పింది. సరేనన్నాడు.

మరుసటి జనవరిలో మంచు తుపాను కొట్టింది. వంతెన కింద మంచుగడ్డలు తవ్వుతున్న యంత్రం ఆ తీగను తెంపేసింది. రోడ్లు మూసుకుపోయాయి. రెండు రోజులు ఊరికి బయటితో సంబంధం లేదు. సెల్ ఫోన్లూ పోయాయి. అయినా నేను కంప్యూటరు తెరిస్తే పేజీ వచ్చింది. బయటి తీగ తెగిందనీ, ఇళ్లలో హీటర్లు ఆగినవాళ్లకి బడి హాలు తెరిచి ఉందనీ, ఇంధనం బండి మధ్యాహ్నం రెండింటికి చర్చి వీధికి వస్తుందనీ ఉంది. ఆ రాత ఆర్డెన్‌దే. ఇరవై ఏడేళ్లు చదివినదాన్ని, నాకు తెలీదా!

పేజీ ఎలా వచ్చిందని ఊళ్లో ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

"ఆపమన్నారు. ఆపడం మర్చిపోయాను" అన్నాడు బూట్ల వైపు చూస్తూ.

"నువ్వు మర్చిపోయే మనిషివా? నిజం చెప్పు."

"బయటి దారి మూసుకుపోతే ఊళ్లోవాళ్లకి నా పెట్టె కనబడేలా పెట్టి ఉంచాను, వెర్నా. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా."

మా దగ్గర కృతజ్ఞత నోటితో చెప్పరు. ఏదైనా వండి తీసుకెళ్తారు. నేను రుబార్బ్ అనే పుల్లటి కాడలతో కేకు చేశాను. గిన్నె అడుగున నా పేరు రాసిన కాగితం అంటించాను. మూడిళ్ల అవతలికి తీసుకెళ్లి ఇస్తే సరిపోయేది. కాని ఆఫీసులో కొత్తగా తివాచీ వేశారని విన్నాను. అదెలా ఉందో చూడాలనిపించి అక్కడికి పట్టుకెళ్లాను.

షెల్బీ, గేలెన్ కాఫీ తాగుతున్నారు. ఇద్దరికీ చెరో ముక్క కోశాను.

"భలే ఉంది వెర్నా! ఏంటి విశేషం?" అంది షెల్బీ.

"ఆర్డెన్‌కి. తుపానులో ఆ రెండు రోజులు పేజీ నిలబెట్టాడు కదా."

"ఏ పేజీ?" తుపానప్పుడు ఆమె ఊళ్లో లేదు.

గేలెన్ ముక్క నములుతూనే లేచాడు. ఇద్దరూ నేలమాళిగ మెట్లు దిగారు. నేను పైనే తివాచీ మీద నిలబడి ఉన్నాను. ఆకుపచ్చ రంగు, ఏమంత బాగాలేదు.

ఆజ్ఞ ధిక్కరించాడని, చెప్పకుండా యంత్రం నడిపి సంఘం భద్రతకు ముప్పు తెచ్చాడని కాగితం రాశారు. అట్టపెట్టె ఇచ్చి గంటలో సర్దుకోమన్నారు. గేలెన్ పక్కనే నిలబడి కంప్యూటరు పెట్టె ఆపే మీట అతని చేతే నొక్కించాడట. తర్వాత దాన్ని ఆఫీసు వెనక చెత్తలో పడేశారు. వారం రోజులు దాని మీద మంచు కురిసింది. ఆ రెండు రోజులు ఆ పేజీ చూసి వెచ్చగా పడుకున్నవాళ్లలో ఒక్కరూ నోరు తెరవలేదు. మార్చి సమావేశంలో లేచి చెబుదామనుకున్నాను. ఈలోగా యాపిల్ పై కోసేశారు.

ఆర్డెన్ నుంచి కేకు గిన్నె మా వాకిట్లోకి తిరిగొచ్చింది. తళతళా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. మా ఊళ్లో గిన్నె ఖాళీగా తిప్పి పంపడం నేనెప్పుడూ చూడలేదు.

ఆర్డెన్ బడిలో నేల తుడిచే పనికి చేరాడు. తాళాలు అతని దగ్గరే ఉంటాయి. కొత్త సైటులో ఫిర్యాదులకు మాత్రం ఇంకా అతని ఇంటి ఫోను నంబరే ఉంది, పాత పేజీలోంచి చూసి ఎక్కించారు కాబట్టి. తీసేయమని మూడుసార్లు అడిగాడు. సైటులోకి వెళ్లి విన్నపం నింపమన్నారు.

ఈ డిసెంబరులో అదే వంతెన దగ్గర మళ్లీ తీగ తెగింది. మళ్లీ తుపాను. పొద్దున్నే మా ఇంట్లో హీటరు ఆగిపోయింది. సైటు తెరిస్తే తెల్ల తెర. ఆఫీసు ఫోను ఎంతకీ ఖాళీ లేదు. ఈ మోకాళ్లతో ఆ మంచులో బడి దాకా నడిచి, తీరా అక్కడ తలుపు మూసి ఉంటే తిరిగి రాలేను. ఆర్డెన్‌కి ఫోను చేశాను.

"వెర్నాని. హీటరు పోయింది ఆర్డెన్. బడి హాలు తెరిచారా?"

 ఫోనులో అతని వెనక కాఫీ మరుగుతున్న చప్పుడు.

"సైటులో రాసి ఉంటుంది. చూసుకోండి."

"సైటు రావట్లేదు కదయ్యా!"

"ఆ రోజు మీరు చెయ్యెత్తడం నేను చూశాను, వెర్నా."

కోపంగా అనలేదు. చెరువు మీద మంచు ఎన్ని అంగుళాలుందో చెప్పినట్టే అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మా ఆయన పాత కోటు తొడుక్కుని, వంటగదిలో ఓవెన్ వెలిగించి, దాని తలుపు తెరిచి ఎదురుగా కూర్చున్నాను. కిటికీలోంచి ఆర్డెన్ ఇంటి పొగగొట్టం కనబడుతూ ఉంది. హాలు పొద్దున్న ఆరింటి నుంచే తెరిచి ఉందని మర్నాడు తెలిసింది. తెరిచి వచ్చింది ఆర్డెనే.