అర్థమైందా మాష్టారు

లెక్కల మాష్టారికి ఆ బడిలో అసలు పేరుతో పని పడి చాలా ఏళ్లయింది. పిల్లలే కాదు, ఆఫీసు గుమాస్తా, గేటు దగ్గర కాపలాదారు, ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయిన పాత విద్యార్థులు కూడా చాటుగా ఆయన్ని ‘అర్థమైందా మాష్టారు’ అనే అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి కోపం రాకపోగా లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. ఎందుకుండకూడదు? పాఠం చెప్పేసి చేతులు దులుపుకుని పోయే రకం కాదు కదా ఆయన. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, క్లాసు వైపు తిరిగి, కళ్లజోడు పైనుంచి చూస్తూ “అర్థమైందా?” అని అడుగుతారు. క్లాసంతా ఒక్క గొంతుతో “అయింది సా...ర్!” అంటుంది.

ఆ ‘అయింది సార్’కి ఒక రాగం ఉంది. సన్నగా మొదలై, ‘సా’ దగ్గర బాగా సాగి, చివర్లో టక్కున తెగుతుంది. ఎవరూ నేర్పింది కాదు. బెంచీల మీద చెక్కిన గీతల్లాగా ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి వస్తూనే ఉంది. కిటికీలోంచి పిట్టల్ని చూసేవాడు, బెంచీ కింద కాళ్లతో యుద్ధం చేసుకునేవాళ్లు, కళ్లు తెరిచే కునికిపాట్లు పడే పిల్ల, అందరూ సమయానికి ఠంచనుగా అందుకుంటారు. మాష్టారి చెవికి అంతకన్నా ఇంపైన సంగీతం లేదు. అది వినగానే సంతృప్తిగా తల పంకించి తరవాతి లెక్కలోకి వెళ్లిపోతారు.

ఆ ఏడు బడికి పెద్ద తెరలొచ్చాయి. నల్లబల్ల పక్కనే గోడకి బిగించారు, వేలు పెడితే పలికే రకం. వాటితోపాటు పిల్లలకి పంచడానికి ట్యాబులు, ఇవన్నీ నేర్పడానికి కొత్తగా ఓ కంప్యూటరు టీచరమ్మ. వయసు చూస్తే మాష్టారి దగ్గర చదువుకోవలసిన పిల్లలా ఉంటుంది, ఓపిక చూస్తే నలుగురు మనవల్ని పెంచిన బామ్మలా ఉంటుంది.

చూస్తూ ఉండగానే బడి గాలే మారిపోయింది. భాష చెప్పే టీచరమ్మ పిల్లల్ని జట్లు చేసి తెర మీద పదాలు అల్లించే ఆట పెట్టింది. ఇప్పుడు గంట కొట్టినా ఆ గదిలోంచి ఎవరూ బయటికి రారు. సైన్సు టీచరు తెర మీదే ఆమ్లాలు, క్షారాలు కలిపిస్తోంది, ఒలికినా తుడవక్కర్లేదని మురిసిపోతోంది. సోషల్ టీచరు పిల్లల్ని కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఎడారులూ మంచుకొండలూ తిప్పుకొస్తున్నారు. ఆఖరికి డ్రిల్లు మాష్టారు కూడా పిల్లల పరుగు వీడియో తీసి, నెమ్మదిగా ముందుకీ వెనక్కీ తిప్పుతూ, మోకాలు ఎక్కడ వంగాలో తెర మీద గీసి మరీ చూపిస్తున్నాడు.

“లెక్కలకి సుద్దముక్క చాలండీ. దానికి ఛార్జింగు పెట్టక్కర్లేదు” అనేవారు మన మాష్టారు, స్టాఫ్ రూములో టీ తాగుతూ. ఆయన గదిలో తెర మీద దుమ్ము పేరుకుంది. దాని కొక్కేనికి ఆయన గొడుగు వేలాడుతూ ఉండేది.

ఆ గొడుగు పెద్దమేడమ్ కంట పడింది. పెద్దమేడమ్ అంటే హెడ్‌మిస్ట్రెస్. మాట మెత్తన, పట్టు గట్టి. సాయంత్రం టీచర్లందర్నీ కూర్చోబెట్టి, “వచ్చే నెల తల్లిదండ్రుల్ని పిలుస్తున్నాం. అందరూ వీటితో ఒక్కో పాఠం చెప్పి చూపించాలి. చేతకాదన్నవాళ్లకి వచ్చే ఏడు పై తరగతులివ్వను. సామాన్ల గది, టైమ్‌టేబుళ్లు చూసుకోవాలి” అంది. ఆవిడ ఎవరి వంకా చూడలేదు గానీ మిగతావాళ్లంతా లెక్కల మాష్టారి వంకే చూశారు.

మాష్టారి గుండెల్లో రాయి పడింది. ఎనిమిదో తరగతి అంటే ఆయనకి ప్రాణం. అంకెలతో ఆడుకునే పిల్లలు అక్షరాలతో లెక్కలు చెయ్యడం మొదలుపెట్టేది అక్కడే, అంతవరకూ రాని లెక్క ఠక్కున వచ్చినప్పుడు వాళ్ల మొహాలు వెలిగేదీ అక్కడే. రిటైరయ్యేదాకా ఆ గది వదలకూడదనేది ఆయన కోరిక. సామాన్ల గదిలో చీపుళ్లనీ బకెట్లనీ పట్టుకుని “అర్థమైందా?” అని అడగాలా?

మర్నాడు గొడుగు తీసి చంకలో పెట్టుకుని కంప్యూటరు టీచరమ్మ దగ్గరికి వెళ్లారు.

“అమ్మాయ్, ఈ ఆటలూ పాటలూ నావల్ల కాదు గానీ, అన్నిట్లోకీ తేలికైనదేదో ఒకటి చెప్పు.”

“మీరు కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు సార్” అంది ఆ అమ్మాయి నవ్వుతూ. “రోజూ అడిగేదే అడగండి. అర్థమైందా అని. పిల్లల ట్యాబుల్లో రెండు బటన్లు వస్తాయి, అయింది, కాలేదు. వాళ్లు నొక్కుతుంటే తెర మీద గీతలు పెరుగుతాయి. అయిందంటే పచ్చగీత, కాలేదంటే ఎర్రగీత. ఎవరు ఏది నొక్కారో మీకు కూడా కనపడదు, లెక్క ఒక్కటే తెలుస్తుంది.”

మాష్టారికి ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువా! ఆ గదిలో ఎర్రగీతకి పనేముంది?

ఆ రోజే రిహార్సలు పెట్టారు. పాఠం మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్. ఏళ్ల తరబడి చెప్పిన పాఠం, నిద్రలో లేపినా చెప్పగలరు. బోర్డు మీద నాలుగు ఉదాహరణలు చేసి, గుర్తుల పట్టిక వేసి, వెనక్కి తిరిగి, “అర్థమైందా?” అన్నారు.

“అయింది సా...ర్!”

“ఊఁ, ఇప్పుడదే బటన్ మీద నొక్కండి.”

తెర మీద ఎర్రగీత పుట్టింది. పుట్టడమేమిటి, పాకిపోయింది. తెర చివరిదాకా పోయి అక్కడ గోడ అడ్డం వచ్చినట్టు ఆగింది. పచ్చగీత అడుగున ముడుచుకుని కూర్చుంది.

మాష్టారు కంప్యూటరు టీచరమ్మ వైపు తిరిగి, “రంగులు తారుమారుగా పెట్టినట్టున్నావమ్మా” అన్నారు.

“లేదు సార్.”

“అయితే యంత్రం పాడయిందన్నమాట. ఉండు, పరీక్ష చేద్దాం.” పిల్లల వైపు తిరిగి, నిజం తనకి బాగా తెలిసిన ప్రశ్న ఒకటి అడిగారు. “నిన్నటి హోంవర్కు అందరూ సొంతంగానే చేశారా? అవునంటే పచ్చ, కాదంటే ఎర్ర. నొక్కండి.”

ఎర్రగీత ఈసారి ఇంకా జోరుగా పాకింది. క్లాసులో కిసుక్కుమని ఒక నవ్వు, దాని వెనక ఇంకొకటి. యంత్రం నిక్షేపంగా ఉందని మాష్టారికి నమ్మకం కలిగింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుండిపోయారు. కోపం తెచ్చుకుందామని చూశారు గానీ రాలేదు. ఇన్నేళ్లూ తను విన్న సంగీతమంతా ఏమిటి మరి?

ఇంటికెళ్లేసరికి భార్య కుట్టుమిషను మీద పక్కింటావిడ జాకెట్టు కుడుతోంది. ఆయన చెప్పులు విప్పి ఎదురుగా కూర్చున్నారు.

“నిజం చెప్పు. నేను చెప్పేవి నీకు అర్థమవుతాయా?”

“దేని గురించండీ?”

“దేని గురించైనా. మొన్న వాషింగ్ మెషీను ఎలా పనిచేస్తుందో చెప్పాను కదా. అర్థమైందా అంటే ఊఁ అన్నావు.”

“అన్నాను.”

“అర్థమైందా మరి?”

“ఒక్క ముక్క కాలేదు.”

“మరి ఊఁ అన్నావేం?”

ఆవిడ మిషను ఆపింది. “కాలేదంటే మళ్లీ మొదట్నుంచీ చెబుతారు కదండీ! పోనీ వేరేలా చెబుతారా అంటే అదీ లేదు. అదే ముక్క, అలాగే, ఇంకాస్త గట్టిగా.”

మాష్టారు నోరెళ్లబెట్టారు. తరవాత నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. కానీ ఆ నవ్వు అడుగున ఆయనకి చురుక్కుమంటూనే ఉంది. తప్పు యంత్రానిది కాదు, పిల్లలది కాదు. అంత మందీ పాపం తన మనసు కష్టపెట్టకుండా పాడుతూ వచ్చారు.

మర్నాడు కంప్యూటరు టీచరమ్మ చేత తెర మీద పేర్లు పడని గోడ ఒకటి పెట్టించారు. పిల్లలు ట్యాబులో ఏం రాసినా దాని మీద చీటీలా అతుక్కుంటుంది, రాసిందెవరో తెలీదు. “నిన్నటి పాఠంలో ఏది అర్థం కాలేదో రాయండి. నేను కోప్పడను” అన్నారు. ముందు ఒకరి ట్యాబులోకి ఒకరు తొంగిచూశారు. తరవాత టపటపా చీటీలు పడ్డాయి. ‘పట్టిక బట్టీ పట్టాం సార్.’ ‘మైనస్ అంటే లేకపోవడం కదా, లేనిదాన్ని లేనన్నిసార్లు వేస్తే ఎక్కణ్ణుంచి వస్తుంది?’ ‘మీరు అరిస్తే భయమేస్తుంది, కానీ మీరు మంచివారు.’ ఆఖర్న ఒకటి. ‘ప్లస్ అవుతుందని చెప్పారు గానీ ఎందుకవుతుందో చెప్పలేదు సార్.’

ఆ చీటీని మాష్టారు పైకి చదివారు. చిన్నప్పుడు తన మాష్టారు అవుతుందన్నారు, తనూ అవుతుందన్నారు. పెద్ద చదువుల్లో దానికి రుజువు చదివిన మాట నిజమే గానీ, ఆ రుజువుని ఇక్కడ విప్పితే పిల్లలు బెంచీల కింద దూరతారు. వీళ్లకి సరిపడేలా చెప్పాలనేసరికి నీళ్లు నమలవలసి వచ్చింది. “ఈ ప్రశ్నకి జవాబు ఇవాళ నా దగ్గర లేదు. వెతికి చెబుతాను” అన్నారు. అలా అన్నందుకు పిల్లలు ఆయన్ని కొత్తగా చూశారు.

ఆ వారమంతా ఆయన కిందా మీదా పడ్డారు. అన్నం తింటున్నా మైనస్సే, బట్టలు ఆరేస్తున్నా మైనస్సే. చివరికి ఒక మధ్యాహ్నం వరండాలో వెళ్తుంటే డ్రిల్లు మాష్టారు ఎదురయ్యాడు. ఎదురవడం కాదు, వీపుతో వచ్చి గుద్దుకున్నాడు. చిన్న తరగతి పిల్లల వరసని చూసుకుంటూ, ఈల ఊదుతూ వెనక్కి నడవడం అతనికి అలవాటు. క్షమించండి సార్ అంటుంటే మాష్టారు అతని భుజాలు గట్టిగా పట్టుకున్నారు.

“వెనక్కి నడవడం మైనస్! నీ వీడియో వెనక్కి తిప్పడం ఇంకో మైనస్! బాబ్బాబు, ఇంకోసారి నడు!”

తల్లిదండ్రులొచ్చిన రోజు ఎనిమిదో తరగతి గది కిటకిటలాడింది. పెద్దమేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. కంప్యూటరు టీచరమ్మ, కావాలంటే పెద్దవాళ్లూ ఫోన్లలో చేరొచ్చని చెప్పి, ఎలా చేరాలో చూపించింది. మాష్టారు పిల్లలతో “ఇవాళ ఎవరూ పాట పాడకండి. వేళ్లే మాట్లాడాలి” అన్నారు.

తెర మీద డ్రిల్లు మాష్టారు ప్రత్యక్షమయ్యాడు. కింద ఒక గీత, దాని మీద వేలితో జరిపే చుక్క. చుక్కని కుడికి లాగితే కాలం ముందుకి, ఎడమకి లాగితే వెనక్కి. మొదటి వీడియోలో అతను తిన్నగా ముందుకి నడిచాడు. పిల్లలు వచ్చి చుక్కని ఎడమకి లాగారు. పెద్దమనిషి ఈల నోట్లో పెట్టుకుని వెనక్కి వెనక్కి పోతుంటే గదంతా ఘొల్లుమంది. రెండో వీడియోలో అతను నిజంగానే వెనక్కి నడుస్తున్నాడు. “ఇప్పుడు దీన్ని వెనక్కి తిప్పితే?” అన్నారు మాష్టారు. ఒక పిల్ల వచ్చి చుక్కని ఎడమకి లాగింది. డ్రిల్లు మాష్టారు హుందాగా ముందుకి నడుచుకుంటూ వచ్చాడు.

గదిలో “ఓహో!” అని ఒక శబ్దం లేచింది. దానికి రాగం లేదు. ఒకరు ముందు, ఒకరు వెనక, ఎవరికి తెలిసినప్పుడు వాళ్లు అన్నారు. మాష్టారికి ఒళ్లు పులకరించింది.

“నొక్కండి.”

పచ్చగీత తెర దాటిపోయేలా ఉంది. అడుగున ఎర్రగా ఒక చిన్న ముక్క, ఒకే ఒక్కరు. అప్పుడే గంట కొట్టారు. అతిథులు లేచారు, పక్కన సైన్సు గది వాళ్ల కోసం కాచుకుని ఉంది. ఈ మాత్రానికే ఎనిమిదో తరగతి ఆయనకి ఖాయం. చప్పట్లు కూడా మొదలయ్యాయి.

“కాస్త ఆగండి. ఒకరికి కాలేదు” అన్నారు మాష్టారు.

మళ్లీ చెప్పారు. ఈసారి గట్టిగా కాదు, వేరేలా. తొట్టిలోంచి నీళ్లు పోతున్న వీడియో పెట్టి దాన్ని వెనక్కి తిప్పారు, తొట్టి నిండింది. మళ్లీ నొక్కమన్నారు. ఎర్రముక్క కదల్లేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైన్సు టీచరు గుమ్మంలోంచి చేతి గడియారం చూపించింది.

“ఎవరైనా సరే, పేరు చెప్పక్కర్లేదు. మీకు అయ్యేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను” అన్నారు మాష్టారు.

వెనక బెంచీలోంచి పెద్దమేడమ్ మెల్లిగా ఫోను పైకెత్తింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“నేనేనండీ. చిన్నప్పట్నుంచీ ఇది నాకు అర్థం కాలేదు. అందరూ అయిందంటుంటే నేనూ అనేసేదాన్ని.”

ఎవరూ నవ్వలేదు. మాష్టారు పక్కకి జరిగి, తెర ముందు చోటు చూపించారు. “రండి మేడమ్. చూస్తే వచ్చేది కాదిది, మీరే లాగండి.”

ఆవిడ వచ్చి, వేలితో చుక్కని ఎడమకి లాగింది. వెనక్కి నడిచే మనిషి ముందుకొచ్చాడు. కుడికి లాగింది, వెనక్కి పోయాడు. మళ్లీ ఎడమకి. అలా ఎన్నిసార్లు లాగిందో, ఒకచోట వేలు ఆగిపోయింది. “ఓహో” అంది, చిన్నపిల్లలా. ఫోను తీసి నొక్కింది. తెర మీద ఎరుపు మాయమైంది. మాష్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు, సుద్దపొడి పడిందన్నారు.

వేసవి సెలవులయ్యాక బడి మళ్లీ తెరిచిన రోజు పెద్దమేడమ్ స్టాఫ్ రూములో కొత్త టైమ్‌టేబులు వివరించింది. ఎనిమిదో తరగతి లెక్కలు అర్థమైందా మాష్టారికే వచ్చాయి. ఆ ముక్క తప్ప మిగతాదంతా చిక్కుముడి. ఆవిడ చాలాసేపు చెప్పి, ఊపిరి పీల్చుకుని, “అందరికీ అర్థమైందా?” అంది.

“అయింది మే...డమ్!” అన్నారు టీచర్లందరూ.

పెద్దమేడమ్ వాళ్లని ఒక్కొక్కరినీ పరకాయించి చూసింది. తరవాత కంప్యూటరు టీచరమ్మ వైపు తిరిగి, “ఆ రెండు బటన్లూ ఇటు పెట్టమ్మా” అంది.

అందరికన్నా ముందు మాష్టారే నొక్కారు, ఎర్రది.