చిన్నాయన టీవీలో కనిపించిన ఆదివారం

ధర్మవరంలో మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. గోడవైపున్నది నాయనది, కిటికీ వైపున్నది చిన్నాయనది. చిన్నాయన మా నాయనకు ఒక్కడే తమ్ముడు. పెళ్ళి కాలేదు. మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చున్నాక ఆయన చేతులు పట్టుచీర నేసేవి, నోరు నాటకం ఆడేది. ముందురోజు టీవీలో వచ్చిన హాస్య నాటికలోని మనుషులందరినీ ఒక్కడే పలికేవాడు. పిసినారి ఇంటి ఓనరు, బొంగురు గొంతు పోలీసు, మాట మాటకీ తుమ్మే గుమాస్తా, ఆ గుమాస్తా పెళ్ళాం. ఆడగొంతు పెట్టినప్పుడు వంటింట్లోంచి అమ్మ "ఎవరొచ్చినారు?" అని నిజంగానే అడిగిన రోజులున్నాయి. నవ్వాపుకోలేక నాయన పోగు తెంపుకొనేవాడు.

"రేయ్, గమ్మునుండరా! చీర పాడైపోతాది" అని తిట్టేవాడు. తిట్టి, మళ్ళీ నవ్వేవాడు.

మాది నలుపు తెలుపు టీవీ. చెక్క తలుపులున్న పెట్టెలో ఉండేది. గాలి వీస్తే మిద్దె మీద యాంటెన్నా తిరిగిపోయి మనుషుల మొహాలు రెండు మూడు అయ్యేవి. కరెంటు పోయి నాటిక సగంలో ఆగిపోతే మేమెవరం బాధపడేవాళ్ళం కాదు. మిగతా సగం చిన్నాయన ఆడేవాడు. నిజం చెప్పాలంటే అదే బాగుండేది.

కొన్న బొమ్మలు మాకు తక్కువ. చీర అంచుల డిజైనుకు వాడి పారేసిన చిల్లుల అట్టల్ని చిన్నాయన కత్తిరించి మనుషుల్ని చేసిచ్చేవాడు. చిల్లులే కళ్ళు. తెగిన పట్టుదారాలు మీసాలు. తమ్ముడూ నేనూ ఆ బొమ్మల్ని గడప మీద నిలబెడితే, మగ్గంలోంచే ఒక్కో బొమ్మకు ఒక్కో గొంతు ఇచ్చేవాడు. వీధి పిల్లలంతా మా గడప దగ్గరే ఉండేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వేది అవ్వ, నాయన వాళ్ళమ్మ. పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "సాలు లేరా, కడుపు నొస్తాండాది" అనేది.

తొంభైల నడుమ ఒక ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒకాయన కూతురి పెళ్ళికి చీరలు చూడటానికి మా ఇంటికొచ్చాడు. టీవీ నాటికలు తీసేవాళ్ళ దగ్గర పనిచేస్తాడట. చీరలు చూస్తూ చిన్నాయన మాటలు విని పగలబడి నవ్వాడు. వెళ్తూ వెళ్తూ అడ్రసు రాసిచ్చి, "హైదరాబాదు వస్తే నన్ను కలువు, చూద్దాం" అన్నాడు.

ఆ 'చూద్దాం' చిన్నాయనను నిలవనియ్యలేదు.

"ఆయప్ప ఏదో మాటకన్నాడురా" అన్నాడు నాయన.

"మాటకు అనేవాడు అడ్రసు ఎందుకిస్తాడన్నా?"

నాయన అవ్వ వైపు చూశాడు, ఆమె అయినా వద్దంటుందేమోనని. అవ్వ వద్దనలేదు. "పోనీలేరా. వాడు మనల్ని నవ్విస్తాండాడు. లోకాన్ని నవ్వించలేడా?" అంది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే వదిలేసి చిన్నాయన రైలెక్కాడు. ఆ సగం నాయన పూర్తి చేశాడు. తర్వాత ఆ మగ్గం మీద ఎవరూ పోగు ఎక్కించలేదు.

ఉత్తరాలు రాసే అలవాటు ఆయనకు లేదు. వీధి చివర పట్టు అంగట్లో ఫోనుండేది. చాలా నెలల తర్వాత ఒకరోజు నాయన అక్కణ్ణుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం చిన్నాయన టీవీలో వస్తాడు. "అమ్మను ముందర కూర్చోబెట్టు అన్నా" అని ఫోనులో చెప్పాడట.

ఆ ఆదివారం అవ్వ తలకు పోసుకొని, పెట్టెలోని మంచి చీర కట్టుకొంది. చాపలు చాలక నడిల్లు నిండిపోయి జనం వీధిలోకి నిలబడ్డారు. తమ్ముడు మిద్దె మీద యాంటెన్నా పట్టుకొని, "కనపడతాందా?" అని అరుస్తూనే ఉన్నాడు. బొమ్మ కుదిరాక దడదడా మెట్లు దిగి వచ్చాడు.

హోటల్లో జరిగే నాటిక అది. చాలాసేపు చిన్నాయన కనిపించలేదు. తర్వాత భుజాన తువ్వాలుతో, చేతిలో కాఫీ గ్లాసుతో వచ్చాడు. "అదిగో!" అని ఇల్లంతా ఒక్కసారి అరిచింది. హోటలు ఓనరు చొక్కా మీద కాఫీ ఒలికింది. ఓనరు లాగి చెంప మీద కొట్టాడు. టీవీలో నవ్వుల శబ్దం వచ్చింది. చిన్నాయన గిర్రున తిరిగి మళ్ళీ ఎదురుగా నిలబడ్డాడు. ఇంకో చెంప. మళ్ళీ తిరిగాడు. మళ్ళీ చెంప. ఆయన నోట ఒక్క మాట లేదు. మా ఇల్లు కూడా నవ్వులతో ఊగిపోయింది. తమ్ముడు నేల మీద పడి దొర్లాడు. నేనూ నవ్వాను.

అవ్వ లేచి టీవీ ముందుకు వెళ్ళింది.

"ఎందుకట్ల కొడతాండారు వాన్ని?"

"అమ్మా, అది యాక్టింగు. ఉత్తుత్తికే కొడతారు. కూచో" అన్నాడు నాయన.

"ఉత్తుత్తికా? వాని కండ్లు సూడు. నాకు తెలీదా వాని కండ్లు?"

అప్పటికే చిన్నాయన వెళ్ళిపోయాడు. నాటికలో మళ్ళీ రాలేదు. అవ్వ టీవీ పెట్టె తలుపులు దగ్గరికేసి, అందరూ చూస్తుండగా వెనక వసారాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె టీవీ ముందు కూర్చోవడం నేను చూడలేదు. వీధిలో మాత్రం చిన్నాయనకు పేరు మారిపోయింది. 'దెబ్బలాయప్ప' ఎప్పుడొస్తాడని మమ్మల్ని అడిగేవాళ్ళు. అందులో ద్వేషమేమీ లేదు. మెచ్చుకోలుగానే అడిగేవాళ్ళు.

నేను హైస్కూలు ముగించే ఏడాది చిన్నాయన తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. పిలిస్తే మొదటిసారి పలికేవాడు కాదు. ఎడమ చెవిలో దూది ఉండేది. ఏమైందని నాయన అడగలేదు. నేనే అడిగాను.

"నిజంగానే కొట్నారా చిన్నాయనా?"

"మొదట్లో ఉత్తుత్తికే పాపా. బాగా రాలేదని నిజంగా కొట్టమన్నారు. అది బాగొచ్చింది." చెవిలో దూది సర్దుకొన్నాడు. "ఇంగ అన్నిట్లో నన్ను దానికే పిలిచినారు. గొంతులు పెడతానంటే, అవన్నీ యెందుకప్పా, నీకు దెబ్బలు బాగుంటాయి అనిరి."

చెవిలో చీము పట్టి ఆ వైపు వినపడటం పోయింది. అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించాం, ఆలస్యమైపోయిందన్నారు. పాత మగ్గం మీద మళ్ళీ పోగు ఎక్కించుకొని కూర్చున్నాడు కానీ, వంగితే కళ్ళు తిరిగేవి. గుంతలోంచి లేస్తూ పడిపోయాడు. పడేటప్పుడు పోగుల మీద చెయ్యి వేశాడు. పడుగు పోగులు తెగి చిక్కుపడ్డాయి. ఆయన గట్టు మీద కూర్చొని చూస్తుంటే నాయన ఒక్కో పోగే ముడి వేసుకొంటూ పోయాడు.

ఒక సాయంత్రం అవ్వే అడిగింది. "ఆ పోలీసుది చెయ్యరా. విని శానా దినాలాయ."

చిన్నాయన సర్దుకొని కూర్చున్నాడు. గొంతు సవరించుకొన్నాడు. బొంగురు గొంతు రాలేదు. గట్టిగా అరిచినట్టు వచ్చింది, మాట మాటకూ ఎక్కడో జారిపోయింది. తన గొంతు తనకే సరిగ్గా వినపడటం లేదని మా అందరికీ అర్థమైంది. ఆయన చివరిదాకా చేశాడు.

"ఎట్లుండాది మా?"

"బాగుండాది నాయనా" అంది అవ్వ. కొంగు నోటి దాకా తీసుకెళ్ళింది, నవ్వినట్టు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఆయన గొంతులు పెట్టడం మేమెవరం వినలేదు. అప్పటికే మిషను మగ్గాల చీరలు అంగళ్ళు నింపేశాయి. మా ఇంటికి చీరలకని వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కిటికీ వైపు మగ్గాన్ని విప్పి కొయ్య అమ్మేశారు. కొంతకాలానికి నాయన కూడా తన మగ్గం ఆపేసి, పట్టు అంగట్లో చీరలు మడతపెట్టే పనిలో చేరాడు. చిన్నాయన హిందూపురం వెళ్ళిపోయాడు. పట్టుగూళ్ళ మార్కెట్లో గంపలు మోసే పని దొరికిందన్నాడు. అవ్వ పోయినప్పుడు వచ్చాడు, కర్మలు కాగానే వెళ్ళిపోయాడు.

నేను టీచరుగా చేరిన కొత్తలో, తోటి టీచరు చెల్లెలి రిసెప్షనుకని పెనుకొండ వెళ్ళాను. కల్యాణమండపం వాకిట్లో పిల్లల్ని నవ్వించడానికి ఎలుగుబంటి వేషం కట్టిన మనిషిని పెట్టారు. పెద్ద బొచ్చు తలకాయ, ఎర్రటి నాలుక. పిల్లలు తోక లాగుతున్నారు, పొట్టలో గుద్దుతున్నారు. ఒక తండ్రి తన కొడుకుని ఎత్తుకొని, "కొట్టు, చెంప మీద కొట్టు" అని నేర్పిస్తున్నాడు. ఆ పిల్లవాడు కొట్టాడు. ఎలుగుబంటి గిర్రున తిరిగి, మళ్ళీ ఎదురుగా నిలబడింది.

ఆ తిరగడం నాకు తెలుసు. అయినా పొరపాటేమోననుకొన్నాను. ఇంతలో ఎడమ పక్కనుంచి మేనేజరు పిలిచాడు. ఎలుగుబంటి పలకలేదు. భుజం పట్టి లాగితే గానీ తిరగలేదు.

వంటశాల వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆయన తలకాయ తీసి పక్కన పెట్టుకొని కూర్చొనుంటే వెళ్ళాను. మొహమంతా చెమట. నన్ను చూసి లేవబోయాడు. నేను గ్లాసుతో నీళ్ళు ముంచిచ్చాను.

"మార్కెట్లో పని ఏమాయ చిన్నాయనా?"

"గంపలెత్తుకుంటే కండ్లు తిరగతాండాయి పాపా. వద్దనిరి." నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చాడు. "దీంట్లో పడినా ఏం కాదు. నవ్వతారు."

"ఇంటికి పోదాం రా. నాయనకు చెప్తా."

"మీ నాయనకు చెప్పొద్దు."

"ఇట్ల యెన్నాళ్ళు?"

"ఇంటికొచ్చి ఏం చెయ్యల్ల? సెప్పు, వస్తా."

ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగానే నా మొహంలోకి చూస్తూ, నేనేమైనా చెబుతానేమోనని కాచుకొన్నాడు. ఇంట్లో మగ్గం లేదు. నాయన అంగట్లో రోజంతా నిలబడి, ఇంటికొచ్చి పడుకొంటున్నాడు. తమ్ముడు పని వెతుక్కొంటూ బెంగళూరులో ఉన్నాడు. ముందునుంచి మేనేజరు కేకేశాడు. చిన్నాయనకు వినపడలేదు. నేనే చెప్పాను, పిలుస్తున్నారని. ఆయన తలకాయ ఎత్తి పెట్టుకొన్నాడు. వెనక తాడు ముడి అందక తడుముకొంటుంటే నేను కట్టాను.