తలుపు తట్టని మేనమామ

మా మేనమామ పోయాడని జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఆయన కొడుకు చెబుతూ ఏడ్చాడు, నేను వింటూ ఏడ్చాను. ఇప్పటికీ ఆ ఏడుపు ఆగడం లేదు.

మామ ఎవరి తలుపూ తట్టేవాడు కాదు. వాకిట్లోనే నిలబడి "నేనే బిడ్డా" అని పిలిచేవాడు. నక్సలైట్ అన్నల కాలంలో కోరుట్లలో మా అమ్మమ్మ ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీసింది అమ్మమ్మే. మామ తమ్ముణ్ని, మా చిన్నమామను తీసుకుపోయారు. వచ్చిందెవరో తెలియదు, చిన్నమామ మళ్లీ రాలేదు. ఆనాటి నుంచి మా ఇళ్లలో ఎవరూ తలుపు తట్టరు.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చప్పుళ్లతోనే. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం చూసుకునే ఇంజనీరు. "పెద్ద అయస్కాంతం ఒళ్లంత ఒక్కతీరుగ పట్టుకుంటది. గట్లుంటే ఏది యాడున్నదో తెల్వది. దాని బలానికి జర వాలు పెట్టాలె, గప్పుడే జాడ దొరుకుతది" అనేవాడు. ఆ వాలు పెట్టే తీగచుట్టల్లో కరెంటు మారినప్పుడల్లా అవి అదిరి టకటకమంటాయి. మీలో ఎవరైనా అందులో పడుకుని ఉంటే ఆ మోత తెలిసే ఉంటుంది. మరమగ్గాల ఊరు సిరిసిల్ల వాళ్లు మాత్రం హాయిగా గురకపెట్టేవారట. "సాంచెల నడుమ బతికినోళ్లకు గిదేం చప్పుడు" అని నవ్వేవాడు.

అమ్మమ్మ తలలో గడ్డ ఉందేమోనని డాక్టర్లు స్కాన్ రాశాక ఆ నవ్వు పోయింది. మొదటి చప్పుడుకే ఆమె "అస్తున్న, అస్తున్న" అంటూ తలుపు తీయడానికన్నట్టు లేవబోయింది, స్కాన్ ఆపేశారు.

మరునాడు మామ ఆ కరెంటు ఎక్కడం, దిగడం నెమ్మదిగా జరిగేలా మార్చాడు. స్కాన్‌కు ఎక్కువసేపు పడుతుంది కానీ మోత తగ్గుతుంది. తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకని మోత మొదలయ్యే ముందు ప్రతిసారీ మైకులో చెప్పాడు.

"అమ్మా, నేనే. నేనే తడుతున్న. నువ్వు లేవకు."

ఆమె కదల్లేదు. బొమ్మలు చక్కగా వచ్చాయి, గడ్డ లేదు. సంబరంగా లోపలికి వెళ్లాం. వెల్లకిలా పడుకున్న అమ్మమ్మ కన్నీళ్లు రెండు చెవుల్లోకీ కారి ఉన్నాయి.

"భయమైందా అమ్మా?" అన్నాడు మామ.

"లేదు కొడుకా. గానాడు సుత గిట్లనే లేవకుంట పండుకుంటే, వాడు ఉండేటోడు గదరా."

మామ దస్తీ తీసి ఆమె చెవులు తుడుస్తూ నిలబడ్డాడు. తుడిచిన చెవి మళ్లీ తడుస్తోంది, ఆయన మళ్లీ తుడుస్తున్నాడు.